తెరుచుకోని పేజీ

సంజీవ సోమవారాలను హరిలాల్ ఎత్తుకుపోయాడు. అందులో అనుమానం లేదు.

అది తేల్చుకోవడానికే సంజీవ పాలకుర్తిలోని తన నెట్ సెంటర్‌కు తాళం వేసి, జనగామలో పత్తి రైతుల సంఘం ఆఫీసుకు వచ్చాడు. మిల్లుకు పత్తి తెచ్చే రోజును రైతులు ముందుగా రాయించుకునే సైట్ ఒకటి సంఘానికి ఉంది. దాన్ని తయారుచేసింది సంజీవ. మొత్తం తీసిపారేసి, మొదటి అక్షరం నుంచి కొత్తగా రాసింది హరిలాల్. ఇక్కడి తండాలో పుట్టి, భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవుకు వచ్చాడు.

లోపలికి అడుగు పెట్టగానే సంజీవ కళ్లు మండాయి. హరిలాల్ పక్క కుర్చీలో అరుంధతి ఉంది. ఏదో మాటకు నవ్వుతోంది.

అరుంధతి తమ ఊరి రైతుల పేర్లన్నీ సైట్‌లో ఎక్కిస్తుంది. పాత సైట్ ఫోన్‌లో తెరుచుకునేది కాదు. అందుకని ప్రతి సోమవారం ఆటో దిగి సంజీవ సెంటర్‌కు వచ్చేది. పేజీ తెరుచుకునేదాకా టీ తాగుతూ మిరప చేను సంగతులు చెప్పేది. ఆమెకూ భర్త లేడు. భార్య పోయాక సంజీవకు ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే అతను సైట్‌కు ఒక్కొక్కటే తగిలించుకుంటూ పోయాడు. తిరిగే బొమ్మలు, పైనుంచి రాలే పూలు, పండగ శుభాకాంక్షలు, పరాయి దేశాల ఎండావానా కబుర్లు. సైట్ ఎంత బరువైతే పేజీ అంత ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఆమె అంతసేపు కూర్చుంటుంది. ఫోన్‌లోనే తెరుచుకునే కొత్త సైట్ వచ్చాక ఆమె మళ్లీ ఆ గడప తొక్కలేదు.

సంఘం అధ్యక్షుడు బిక్షపతి కుర్చీ చూపించాడు. సంజీవ కూర్చోలేదు. కొత్త సైట్ బోడిగుండులా ఉందన్నాడు. రంగు లేదు, బొమ్మ లేదు, చూసినవాళ్లు సంఘం దివాలా తీసిందనుకుంటారన్నాడు. హరిలాల్ నెమ్మదిగా జవాబు చెప్పాడు. పాతదాంట్లో ఒక ముక్క సరిచేస్తే ఇంకో ముక్క మొరాయించేదట. ఎప్పుడూ ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండాలట. కొత్తదాంట్లో చెడిపోవడానికే ఏమీ లేదట. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకపోయినా నడుస్తుందట.

"పత్తి ఏ దినం తేవాల్నో చెప్పేతందుకు పూలవాన ఎందుకే అన్నా?" అన్నాడు చివరికి.

"సంఘం కాదు, పెండ్లి పందిరి అనుకున్నడేమో," అన్నాడు బిక్షపతి.

అరుంధతి నవ్వలేదు. తల వంచుకుంది. నవ్వు దాచుకోవడానికే వంచుకుందని సంజీవకు తోచింది. కాసేపటికి ఆమె సంచిలోంచి డబ్బా తీసి, మూత విప్పి హరిలాల్ ముందుకు జరిపింది.

"జర తిను తమ్మీ. పొద్దటిసంది ఏం తినలేదు."

తమ్మీ అన్న మాట సంజీవ చెవికి ఎక్కలేదు. కంటికి డబ్బా ఒక్కటే కనిపించింది. తన దగ్గరికి వచ్చిన ఇన్ని సోమవారాల్లో ఆమె ఒక్క పూటైనా డబ్బా తేలేదు.

"గిందుకేనా నువ్వు నా దిక్కు రాకుంట అయినవు?" అన్నాడు. "వయసు పోరడు దొరికిండని?"

ఇన్నాళ్లూ ఆమెను మీరు అనే పిలిచాడు. నువ్వు అనాలని ఎన్నిసార్లు నాలుక చివరిదాకా తెచ్చుకున్నాడో. ఆ మాట ఇప్పుడు, ఇలా బయటపడింది.

బిక్షపతి కిటికీ వైపు చూశాడు. హరిలాల్ లేవబోతే అరుంధతి చేత్తో ఆపింది. లేచి నిలబడి చీర చెంగు సర్దుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు. అది చూసే సంజీవకు భయం వేసింది.

ఊరి పేరు తప్పు పడితే దిద్దించడానికి వచ్చానని బిక్షపతికి చెప్పింది. తర్వాత సంజీవ వైపు తిరిగింది.

"మీ పూలు, మీ బొమ్మలు ఎన్ని ఉన్నా గా పేజీ నేను టీ గ్లాసు అందుకునే లోపట్నే తెరుసుకుంటుండె. మీరు తెర దిక్కు చూడకపోతిరి. నేనే ఏం నొక్కకుంట కూసుంటుంటి."

సంజీవ హరిలాల్ ముందున్న తెర వైపు చూశాడు.

"మీ తాన వచ్చేతందుకు నాకు గా సైట్ ఒక్కటే సాకు. అది పోయింది. పిలుస్తరేమోనని ఎదురు చూసిన," అని, చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

సంజీవ ఆ సోమవారాల సంగతి మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇక ఎత్తడు.