అయిదో డోసు

తెల్లవారేసరికి మబ్బు పట్టింది. కురవలేదు, పోనూ లేదు. కళ్ళాల్లో మిరపకాయలున్న వాళ్ళు పట్టాలు పక్కన పెట్టుకుని ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నారు.

ఆ బుధవారం టీకాల రోజు. నర్సు సింధూజ బదిలీ మీద ఆ ఊరికి వచ్చి పది రోజులే అయింది. ఇళ్ళు తెలియవు, మనుషులు తెలియరు. ఆశా కార్యకర్త రమణమ్మ ముందు నడుస్తుంటే, ఐసు డబ్బా భుజాన వేసుకుని ఆమె వెనక నడిచింది.

పక్క పల్లెలో ఇద్దరు పిల్లలకి తట్టు పోసింది. ఒకడిని గుంటూరు ఆస్పత్రిలో పెట్టారు. తొమ్మిది నెలలు నిండిన ఏ బిడ్డనూ వదలొద్దని పైనుంచి గట్టిగా చెప్పారు. ఈ ఊరి లిస్టులో అయిదు పేర్లున్నాయి. సీసాలో అయిదు డోసులు. మందు కలిపాక నాలుగు గంటలే దాని ఆయుష్షు. పది గంటలకు కలిపితే రెండింటికి పారబొయ్యాల్సిందే.

రెండిళ్ళు పేచీ లేకుండా అయిపోయాయి. టీకా వేశాక బిడ్డను అరగంట కనిపెట్టుకుని ఉండాలి గనక ప్రతి ఇంట్లోనూ కూర్చోవాల్సి వచ్చింది. మూడో ఇంట్లో కరీమున్నీసా మనవరాలిని కొంగు చాటున దాచింది.

“సూదేస్తే జొరమొస్తదక్కా. వద్దు.”

“మొన్న మేకలకి సూదులేయించటానికి బెల్లంకొండ దాకా తోలకపోయావు. వాటికి రాలా జొరం?” అంది రమణమ్మ.

“మేకకొస్తే రాత్రంతా ఎవరు మేలుకుంటారు?”

“నేనొచ్చి మేలుకుంటాలే. చాపేసి పెట్టు. ముందా పిల్ల చెయ్యి ఇటు పట్టు.”

కరీమున్నీసా నవ్వింది. ఆ నవ్వులోనే సూది పడిపోయింది.

నాలుగో ఇంట్లో యల్లమంద ఫోను చూపించాడు. అందులో ఎవరో తెల్లకోటు వేసుకుని టీకాలు వద్దంటున్నాడు.

“ఒరేయ్ యల్లమందా, ఈయన నీ మిరప తోటకి ఏదన్నా మందు చెప్తే కొడతావా?”

“ఎవరో ఏందో తెలవకుండా ఎట్టా కొడతా?”

“మరి తోటపాటి చెయ్యడంటరా పిల్లోడు?”

యల్లమంద ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సింధూజకు ముచ్చటేసింది. ఊరికొక రమణమ్మ ఉంటే తన ఉద్యోగం తేలికైపోయేది అనుకుంది. లిస్టు చూసింది.

“ఇంకొక్కరే. అక్షయ, వేణుమాధవ్ వాళ్ళ బాబు. కిందటి నెల రెండుసార్లూ ‘ఊళ్ళో లేరు’ అని రాశారేంటి రమణమ్మగారూ?”

రమణమ్మ అడుగు వేగం పెంచింది.

“ఉన్నారమ్మా. ఆ పిల్ల అత్తే పడనియ్యదు.”

“చదువుకోలేదా?”

“పది పాసయింది.”

“మరేం?”

“ముప్పై ఏళ్ళ కిందట దాని తొలిచూలు బిడ్డ, సూదేసిన మూడోనాడు జొరమొచ్చి పోయాడు. సూది వల్ల కాదు, మెదడువాపు అని డాక్టరు చెప్పాడు. అది దానికీ తెలుసు. తెలిసినా ధైర్యం రాదు.”

సింధూజకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. “ఇలాంటి పెద్దవాళ్ళు ఒక్కరుంటే చాలు, మనం పడిన కష్టమంతా బూడిదలో పోసినట్టే. మీరు నాలుగు మాటలంటే వినదా?”

“నా మాటా? లేచిన కాడ్నించి చెప్తానే ఉన్నా. ఇనదు. చానా మొండిది. దాంతో వేగలేక చస్తన్నాననుకో.”

“పదండి. నేను మాట్లాడతా.”

పడమటి బజారు మలుపులో రమణమ్మ ఆగిపోయింది. “అదుగో, ఆ నీలం తలుపుల ఇల్లు. నువ్వు పో తల్లీ. నేను రాను.”

ఎందుకని అడిగే తీరిక లేదు. అప్పటికి ఒకటింబావు అయింది.

ఇంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉన్నారు. బాబు నాపరాళ్ళ మీద పాకుతున్నాడు.

“మీ అత్తగారేరమ్మా?”

“బయటికెళ్ళింది,” అంది అక్షయ.

“మాకిష్టమేనండీ,” అన్నాడు వేణుమాధవ్. “ఆ మాటెత్తితే అమ్మ ఏడుస్తది. కాదని ఏయిస్తే రేపు ఆమె మొహం ఎట్టా చూసేది?”

“తట్టు ఆమె మొహం చూసి ఆగుతుందా? బిడ్డ మీది. మీరు చెప్పండి. రెండు దాటితే ఈ డోసు పారబోస్తాను.”

వేణుమాధవ్ గుమ్మం కేసి చూశాడు. అక్షయ అతని కేసి చూసింది. బాబు పాక్కుంటూ వచ్చి డబ్బా పట్టీ నోట్లో పెట్టుకున్నాడు.

“ఎన్నాళ్ళని ఊళ్ళో లేమనిపిచ్చుకుంటామయ్యా?” అంటూ అక్షయ బాబును ఎత్తుకుని కూర్చుంది. కుడిచేతి చొక్కా పైకి మడిచింది. వేణుమాధవ్ కాళ్ళు పట్టుకున్నాడు. మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు.

సూది పడింది. బాబు ఏడుపు బజారు మలుపు దాకా వినపడింది.

ఇక్కడా అరగంట కూర్చోవాలి. “పొద్దుపోయింది, అన్నం తినండి” అంటూ అక్షయ నాలుగు కంచాలు పెట్టింది. గోంగూర పప్పు, చల్ల మిరపకాయలు. సింధూజ కాదనలేదు. అత్తగారు రాగానే దులిపెయ్యాలని, ఏ మాట ముందనాలో ఏ మాట తరవాతనాలో మనసులో వరస పెట్టుకుంటూ కూర్చుంది.

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

ఇంకా వెక్కుతున్న మనవణ్ణి కోడలి చేతుల్లోంచి ఒళ్ళోకి తీసుకుని రమణమ్మ నాలుగో కంచం ముందు కూర్చుంది, నలుగురూ ఒక్క మాటన్నా లేకుండా అన్నం తిన్నారు.