వారెంట్ వచ్చేదాకా

ఆగండాగండి, సంతోషిని అప్పుడే దొంగ అనేయకండి. ముందు ఇది వినండి.

కొత్తపేటలో ఆ ఇంటి పై పోర్షన్ గుమ్మానికి మౌనిక చెయ్యి అడ్డం పెట్టేసింది. ఎదురుగా ఎస్సై దశరథ, ఆయన వెనక లేడీ కానిస్టేబుల్.

"వారెంట్ ఏది సార్?"

"ఏందమ్మా, మాకే రూల్స్ చెప్తున్నవా?"

"కిరాయి కడ్తున్నం సార్. ఇది మా ఇల్లు. కాయితం లేకుంట ఎట్లొస్తరు?" అంటూనే ఫోన్ కెమెరా ఆన్ చేసేసింది.

మెట్ల మీద ఓనరు సూర్యప్రభ ముక్కు చీదుతోంది. "స్నానానికెళ్తూ గొలుసు తీసి ఫ్రిజ్ మీద పెట్టానండీ. నీళ్ళు పట్టుకుంటామని వీళ్ళిద్దరే లోపలికొచ్చారు. ఇంకెవరు తీస్తారండీ?"

లోపలున్న సంతోషి మౌనిక చున్నీ పట్టుకుని లాగింది. "రానియ్యవే. మన తాన ఏమున్నదని? చూసుకొని పోతరు."

"నోర్ముయ్ పిచ్చిదానా! నీ మీద కేసైతే?"

ఆ మాటకి సంతోషి చున్నీ వదిలేసింది. ఇద్దరిదీ నల్లగొండ దగ్గర ఒకే ఊరు. చైతన్యపురిలో ఒకే కోచింగ్, ఒకే సెట్టు పుస్తకాలు. కానిస్టేబుల్ ఉద్యోగం మాత్రం సంతోషికే వచ్చింది. వెరిఫికేషన్ ఇంకా కాలేదు. ఇప్పుడు కేసు పడిందో, ఉద్యోగం గోవిందా! ఆటో నడిపే వాళ్ళ నాన్న జంగయ్య అప్పుడే ఊరంతా స్వీట్లు కూడా పంచేశాడు.

"అర్జెంటైతే కారణం రాసి, వారెంట్ లేకుండ కూడ ఎతకొచ్చు. తెల్సా?" అన్నాడు ఎస్సై.

"రాయిండ్రి మరి. నేను వీడియో తీస్తనే ఉన్న. ఆ అర్జెంటేందో రేపు జడ్జి ముంగట చెప్పుండ్రి."

సందులో జనం పోగయ్యారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు! ఎస్సై మొహం ఎర్రబడింది. "సరే, కాయితంతోనే ఒస్తా. అప్పటిదాంక ఎవ్వరు గేటు దాటొద్దు." లేడీ కానిస్టేబుల్‌ని కింద గేటు దగ్గర నిలబెట్టి బండెక్కాడు.

సంతోషి మౌనికను వాటేసుకుని ఏడ్చేసింది. "నువ్వు లేకపోతే నాకేమైతుండెనే!"

"ఇగ ఏడ్వకు. డాబా మీదికి పోయి మీ నాయినకు ఫోన్ చెయ్, జర ధైర్యం ఒస్తది. రూం నేను చూస్కుంట. వీళ్ళను అస్సలు నమ్మొద్దే. మనం లేంది చూసి వాళ్ళే ఏమన్న పెడ్తే?"

సంతోషి కళ్ళు తుడుచుకుని పైకి వెళ్ళింది.

పొద్దుగూకకముందే ఎస్సై తిరిగొచ్చాడు. ఈసారి చేతిలో వారెంట్ ఉంది. సాక్షులుగా పక్కింటివాళ్ళు ఇద్దరు, మొత్తం రికార్డు చెయ్యడానికి కెమెరా. మౌనిక వారెంట్ పూర్తిగా చదివి, అప్పుడు పక్కకు జరిగింది.

సంతోషి సూట్‌కేస్ తెరిచి బట్టలు దులిపారు. గొలుసు టప్పున నేల మీద పడింది.

"అయ్యో, నేను తియ్యలే సార్! మీవాళ్ళే పెట్టిండ్రు!" సంతోషి గొంతు చించుకుంది.

"మావాళ్ళా? గేటు దాటి పైకి ఎవరొచ్చిండ్రమ్మా? ఇప్పుడు ఎతికిందంతా కెమెరాల ఉన్నది. నేను పోయినంక రూంల ఎవరున్నరు, అది చెప్పు."

సంతోషికి ప్రాణం లేచొచ్చింది. "మౌనిక ఉన్నది సార్! అది కదల్లేదు. ఎవరొచ్చిండ్రో చూసే ఉంటది. చెప్పవే మౌనికా, చెప్పు!"

మౌనిక ఎస్సై వైపు తిరిగింది.

"నేను డాబా మీదున్న సార్. రూంల అది ఒక్కతే ఉండె."

సంతోషి మీరైతే, ఇప్పుడేం చేస్తారు?