తగల్లేదు బాబా

"బాబా ఏ రైఫిల్ పేల్చినా తగల్లేదని చెప్పు. అంతే నీ పని," అన్నాడు రషీద్.

బండి తుడుస్తున్న గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు చిన్నప్ప. అతనిది రాయచోటి దగ్గర పల్లె. గల్ఫ్‌లోని అల్ వక్రాలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవర్. రషీద్ ఆ ఇంటి పెద్దకొడుకు. బాబా అంటే రషీద్ తండ్రి. పనివాళ్ళందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

బాబాకు డెబ్భై దాటాయి. గుండెకు స్టెంట్లు వేశారు. అయినా సరే, ఈ చలికాలం తజికిస్తాన్ వెళ్ళి కొండమేకను వేటాడాలని పట్టుబట్టి కూర్చున్నాడు. కొండమేక మనిషిని దగ్గరికి రానివ్వదు. ఈ కొండ మీద పడుకుని ఆ కొండ మీద ఉన్నదాన్ని కొట్టాలి. అంత దూరం కొట్టే రైఫిల్‌ని ఎంచుకోవడానికే ఇవాళ షూటింగ్ మైదానానికి ప్రయాణం.

"డాక్టర్ వద్దన్నాడు. నేను వద్దంటే వినడు. గురి తప్పుతోందని తెలిస్తే తనంతట తానే మానుకుంటాడు. ఇవిగో, కొత్త టార్గెట్ కాగితాలు. చిల్లు పడినవి దాచేసి ఇవి చూపించు. కొండ మీద ఆయనకేమైనా అయితే ఎవరున్నారు చిన్నప్పా?"

చిన్నప్ప గుడ్డ భుజాన వేసుకున్నాడు. కాగితాలు తీసుకున్నాడు.

ఆరేళ్ళుగా బాబా ఎక్కడ తుపాకీ పేల్చినా దూరబీను దగ్గర కూర్చునేది చిన్నప్పే. బాబా ఇంకొకర్ని కూర్చోనివ్వడు. "ఇతను నా కన్ను," అంటాడు. తూటా ఎక్కడ తగిలిందో చూసి చెప్పడం, ఆనక బండేసుకుని అంత దూరం వెళ్ళి టార్గెట్ కాగితం ఊడదీసి తేవడం చిన్నప్ప డ్యూటీ. మొదటిసారి "తగిలింది బాబా" అన్న రోజు ఆ పెద్దమనిషి కుర్రాడిలా గంతేశాడు. చిన్నప్పను పక్కన కూర్చోబెట్టుకుని తన పళ్ళెంలోనే అన్నం తినిపించాడు. ఇంటికి ఎవరొచ్చినా చిల్లులు పడ్డ కాగితాలు బయటికి తీసి మురిసిపోయేవాడు. అతిథులకు గావా కాఫీ పోస్తూ చిన్నప్ప తల దించుకునేవాడు. వినయం అనుకునేవారు.

అలాంటి మనిషికి ఇప్పుడీ మాట చెప్పాలి. దారి పొడుగునా బాబా మాత్రం పక్క సీట్లో కూర్చుని, పెళ్ళికి బయల్దేరినట్టు, "యల్లా చిన్నప్పా, యల్లా! పోనీ, పోనీ!" అంటూనే ఉన్నాడు.

మైదానంలో తుపాకుల కొట్టు కామ్రాన్ మూడు రైఫిళ్ళు బల్ల మీద పరిచి ఉంచాడు.

మొదటిదాని గొట్టం లావు. పేల్చినా అదరదు. "కానీ దీన్ని మోసుకుని కొండెక్కితే మేకకు నేనే దొరుకుతాను," అని బాబా నవ్వాడు. బోర్లా పడుకున్నాడు. ఊపిరి బిగబట్టి పేల్చాడు.

"చిన్నప్పా?"

చిన్నప్ప దూరబీనుకు కన్ను ఆనించాడు. పాపం చేస్తున్నాననిపించింది.

"తగల్లేదు బాబా."

"మాఫీ? అసలే లేదా?"

"మాఫీ. లేదు బాబా."

వెళ్ళి కాగితం తెచ్చి చూపించాడు. ఒక్క చిల్లూ లేదు. "రైఫిల్ మంచిది కాదు," అన్నాడు బాబా. కామ్రాన్ నొచ్చుకుని దాన్ని పెట్టెలో పెట్టేశాడు.

రెండోది తేలిక. కొండకు బాగుంటుంది గాని భుజాన్ని గుద్దుతుంది. పేల్చాక బాబా భుజం రుద్దుకుంటూ చిన్నప్ప వైపు చూశాడు. చిన్నప్ప తల అడ్డంగా ఊపాడు.

"గాలి ఎక్కువగా ఉంది కదూ?" అన్నాడు బాబా.

"అవును బాబా, గాలే." నిజానికి అక్కడ ఆకు కూడా కదలడం లేదు.

మూడోది అన్నిటికన్నా ఖరీదైనది. ఇది పట్టుకుంటే ఎవరికైనా గురి కుదురుతుందన్నాడు కామ్రాన్. బాబా చాలాసేపు తీసుకున్నాడు. పేల్చాడు.

"తగిలింది" అన్న మాట చిన్నప్ప నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"తగల్లేదు బాబా."

ఈసారి బాబా రైఫిల్‌ని తప్పు పట్టలేదు. గాలినీ అనలేదు. తన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. చిన్నప్ప చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"ఏదీ వద్దు కామ్రాన్, తీసుకెళ్ళిపో," అన్నాడు బాబా. తర్వాత చిన్నప్ప భుజం తట్టాడు. "నువ్వెందుకు బాధపడతావు? ఉన్నది ఉన్నట్టు చెప్పావు."

చిన్నప్ప ప్రాణం ఉసూరుమంది. కాళ్ళ మీద పడి అంతా చెప్పేద్దామనిపించింది. కొండ, స్టెంట్లు గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఇంటికి రాగానే బాబా నేరుగా గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. రషీద్ వచ్చి చిన్నప్పను కావలించుకున్నంత పని చేశాడు. మా నాన్నను బతికించావన్నాడు. చిన్నప్ప వంటింటి వెనక్కి వెళ్ళి కూలబడ్డాడు.

వంటమనిషి రఫీది కూడా రాయచోటి వైపే. రషీద్ పురమాయించిన సంగతి అతనికి తెలుసు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏందన్నా, కెలుకుతా కూసున్నావు? తిను."

"చేతులు జూసుకున్నాడు రఫీ ఆయప్ప. ఆ రెండు చేతులూ తనవి కానట్టు జూసుకున్నాడు. నాకు ముద్ద దిగడం ల్యా."

"నీదేం తప్పుండాది? ఆయప్ప పానం నిలబెట్టినావు. ఒక్క అబద్ధానికి ఇంతగా ఇదైపోతే ఎట్లన్నా?"

చిన్నప్ప పళ్ళెం పక్కకు నెట్టాడు.

"ఈ పొద్దు చెప్పిందొక్కటే నిజం రఫీ, ఆరేండ్లుగా ఆ కాగితాలకు బొక్కలు పొడిచింది నేనే."