లంకలో మేనమామ

వరద తీశాక, గూట్లో పిల్లల ఆకలి తీర్చాలని ఏటి నడిమి లంకకొచ్చిన కొంగమ్మ కాలికింద లావుపాటి వానపాము చిక్కింది.

"నన్ను తీసుకెళ్లకు చెల్లెమ్మా. ఎగువ గనుల్లోని సీసమంతా వరదతో వచ్చి ఈ మట్టిలో కలిసింది. ఈ మట్టే తిని బతికేవాణ్ణి, నా ఒళ్లంతా విషమే."

"కాలికింద పడితే గాని అన్నాచెల్లెళ్ల వరసలు గుర్తురావు," అని నవ్వింది కొంగమ్మ.

"నమ్మకపోతే నువ్వే తినెయ్. పెద్దదానివి, తట్టుకుంటావేమో. పసివాళ్ల నోట్లో మాత్రం పెట్టకు."

ప్రాణభయంతో బొంకేవాళ్లు ప్రాణమిస్తామంటారా? కొంగమ్మ మెల్లగా కాలు తీసేసింది. ఆ పూట మెరక చేలల్లో మిడతల్ని ఏరి పిల్లల కడుపు నింపింది.

రెక్కలొచ్చిన పిల్లలు మొదటిసారి లంక మీదుగా ఎగిరిన రోజున కొంగమ్మ కిందికి చూపించింది.

"అదిగో, మీ మేనమామ ఇల్లు. దణ్ణం పెట్టుకోండి."