రేణుకమ్మగారి మునగచెట్టు

వాన పడిందంటే చాలు, రేణుకాదేవి పెరట్లో మునగచెట్టు మాను కనపడదు. అంతా గొంగళిపురుగులే. ఒక్క వెంట్రుక తగిలిందా, ఒళ్ళంతా దద్దుర్లు.

దుత్తలూరు దగ్గరి ఆ పల్లెలో ఆమె జాగ్రత్త గురించి చెప్పుకోనివాళ్ళు లేరు. చెట్టు కింద బట్టలు ఆరేయనివ్వదు. మంచం వేయనివ్వదు. మనవడు పెరటి గుమ్మం దాటితే తొడపాశమే. అందుకే ఆ ఇంట్లో ఒక్కరికీ ఇంతవరకు చిన్న దురదైనా రాలేదు.

వచ్చింది కాలనీ నుంచి పనికొచ్చే పెంచలమ్మకు. అదీ చేతికో కాలికో కాదు, గొంతులో!

పొద్దున్నే కొట్టంలో పేడ ఎత్తింది. టీ తాగింది. చీపురు పట్టుకుందో లేదో, ఒకటే దగ్గు. పెదాలు వాచాయి, నాలుక వాచింది. ఊపిరాడక నేలమీద పడి కొట్టుకుంది.

రేణుకాదేవి ఎంత గాభరా పడిందో! కారు వాకిట్లోనే ఉంది, డ్రైవరూ ఉన్నాడు. అయినా ఆటో పిలిపించింది. ముందు ఆటో, వెనక కారులో తను. ఆత్మకూరు ఆస్పత్రిలో డాక్టరు టార్చి వేసి చూశాడు.

"గొంగళి వెంట్రుకలు. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం పోయేది. నోట్లోకి ఎట్టా పోయినాయి?"

పెంచలమ్మకు గొంతు పెగల్లేదు. రేణుకాదేవే చెప్పింది.

"దీనికి ఒళ్ళు తెలీదు సార్. చెట్టు కింద నోరు తెరుచుకోని నిలబడుంటాది."

ఆ సాయంత్రమే చెట్టు కొట్టించేసింది. అత్తగారు నాటిన చెట్టు, మంచి కాపు మీదుంది. "పనిమనిషి కోసం ఎవరు చేస్తారబ్బా! ఏం మనసు, ఏం మనసు!" ఊరంతా ఇదే మాట.

వారం తర్వాత పెంచలమ్మ మళ్ళీ పనికొచ్చింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

రేణుకాదేవి టీ గిన్నె పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"చచ్చి బతికినావు గదే! ఇంక నీకేం భయంలేదు. పురుగూ లేదు, పుట్రా లేదు. రా, టీ పోస్తాను."

పెంచలమ్మ నరికేసిన మొదలు వైపు చూసింది.

"నా గ్లాసు ఆ చెట్టు పంగలోనే గదమ్మా పెట్టుకోమన్నారు, ఇప్పుడు యాడ పెట్టుకోవాల?"