దిగని రోగి

పరీక్ష రోజున రోగి బండి దిగి నడిచాడు.

నిజం రోగి కాదు లెండి, ఆఫీసు గుమాస్తా. తొంభై కిలోల మనిషి. బరువైన బాధ్యత అనగానే అందరి కళ్ళూ ఆయన మీదే పడ్డాయి.

కొండ మీది పేదల పేటకు అంబులెన్సు రాదు. దాని పౌరుషమంతా రోడ్డు దాకానే. అక్కణ్ణించి పైకి నూట ఎనభై మెట్లు, బక్కపలచటి సందు. రోగులు కొండ దిగేలోపే కొందరు లోకమే దిగిపోయేవారు.

అందుకని, పేదల బాగు కోసం వస్తువులు రూపొందించే ఆ సంస్థ, మనిషిని పడుకోబెట్టి మెట్ల మీంచి దించే చక్రాల బండి తయారు చేసింది. గీసింది డిజైనరమ్మ. రెండేళ్ళ కష్టం. కాగితం మీద గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి. సందే తిన్నగా లేదు.

సగం దారిలో ఒక మూల ఉంది. బండి అక్కడ తిరగలేదు.

గుమాస్తా మర్యాదస్తుడు. ఒక్క క్షణం అని చెప్పి తనే దిగాడు. బండిని నిలువుగా లేపి మూల దాటించారు. ఆయన చెమట తుడుచుకుని మళ్ళీ ఎక్కి పడుకున్నాడు. న్యాయంగా ఉండాలని కాస్త మూలిగాడు కూడా.

రోడ్డు చేరడానికి ఏడు నిమిషాలు అని రాసుకున్నారు. దిగిన సంగతి ఎవరూ రాయలేదు. రాయడానికి ఫారంలో గడి లేదు.

మర్నాడు ఒక ముసలాయన ఆఫీసుకు కుర్చీ పట్టుకుని వచ్చాడు. పాత చెక్క కుర్చీ. కాళ్ళు సగానికి కోసేసి, వెనక రెండు తోలు పట్టీలు బిగించి ఉన్నాయి.

కుర్చీలు బాగుచేసేవాడనుకున్నాడు వాచ్‌మన్. ఈ ఆఫీసులో జబ్బు కుర్చీలకు కాదు, కూర్చునేవాళ్ళకే అని చెప్పి పొమ్మన్నాడు.

తనది బేరం కాదన్నాడు ముసలాయన. పరీక్ష రోజున మెట్ల మీద నిలబడి అంతా చూశాడట. డిజైనరమ్మతో ఒక్క మాట చెప్పి పోతాడట.

ఆ ఒక్క మాట కోసం మూడు రోజులు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో కుర్చీ పెట్టుకుని నిలబడతావేంటని వాచ్‌మన్ నవ్వితే, ఇది నేను కూర్చునేది కాదు బాబూ అన్నాడు.

నాలుగో రోజు డిజైనరమ్మ కారెక్కబోతూ దొరికింది.

"తల్లీ, ఆ రోజు మీ రోగి దిగాడు."

"దిగితే ఏమైంది తాతా? నాలుగడుగులేగా."

"రోగి దిగడమ్మా."

ఆమె నవ్వింది. చెడ్డ మనిషి కాదు, ఆలస్యమైన మనిషి. బండికి బహుమతి ఇచ్చే సభ మొదలైపోతోంది. ఈ కుర్చీ ఒక్కసారి చూడమని ఆయన బతిమాలాడు. ఇక్కడ పెట్టి వెళ్ళు, తప్పకుండా చూస్తాను అందామె.

మాట మీద నమ్మకంతో పెట్టి వెళ్ళాడు.

బహుమతి వచ్చింది. ఉన్న మతి కాస్తా దాని వెంట పోయింది. పేటకు బండి వచ్చింది. కుర్చీ మీదికి పూలకుండీ వచ్చింది. మూల సంగతి చెప్పడానికొచ్చిన కుర్చీ ఆఫీసు మూలన పడింది.

ముసలాయన రెండుసార్లు వచ్చి కుర్చీ అడిగాడు. మేడమ్ ఇంకా చూడలేదని వాచ్‌మన్ రెండుసార్లూ తిప్పి పంపాడు.

నెల తిరక్కుండానే ఒక పొద్దున పేట నుంచి ఫోను. బండి మూల దగ్గర ఇరుక్కుంది. అందులో మనిషి ఉన్నాడు. గుండె నొప్పి.

డిజైనరమ్మ గుమాస్తాను వెంటబెట్టుకుని మెట్లెక్కింది. బండి రెండు గోడల మధ్య బిగుసుకుపోయి ఉంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. పక్కన ఒక్క మనిషి ఒరుసుకుని పోయేంత చోటు మిగిలింది. ఇటు నుంచి ఆమెకు రోగి కాళ్ళే కనిపించాయి. అరికాళ్ళు ఆ మెట్ల రాళ్ళలాగే అరిగి, పగిలి ఉన్నాయి.

ఎత్తుకుని దించమంది.

"స్పృహ లేదమ్మా. వీపున వేసుకుంటే జారిపోతున్నాడు. ఇద్దరం పట్టుకుందామంటే ఇద్దరికి చోటు లేదు," అన్నాడు తల దగ్గరున్న తాపీ మేస్త్రి.

గుమాస్తా మూల గోడ వైపే చూస్తున్నాడు. భుజం ఎత్తున రాయి నున్నగా అరిగి ఉంది, ఏళ్ళ తరబడి ఎవరో అక్కడ భుజం ఆనించి తిరిగినట్టు.

"బండి రాకముందు ఎలా దించేవాళ్ళు?" అని అడిగిందామె.

"కుర్చీలో కూర్చోబెట్టి, కట్టేసి, వీపున మోసుకుని. ముప్పై ఏళ్ళు ఒక్కడే మోశాడు. ఒక్కరినీ జారవిడవలేదు."

"ఆ కుర్చీ తెప్పించండి."

"మీ ఆఫీసులోనే ఉందట కదమ్మా."

ఆమె గోడ పట్టుకుంది.

"అయితే ఆ తాతను పిలవండి."

"పొద్దుట్నుంచీ పిలుస్తూనే ఉన్నామమ్మా, పలకడం లేదు," అన్నాడు మేస్త్రి, బండిలో పడుకున్న మనిషి చెంప మెల్లగా తడుతూ.