చక్రాలు లేని రైలు

షూటింగుకు వెళ్లే ముందు చెల్లి సంచిలో నిజం చీరలే సర్దింది.

"ఉత్తుత్తి ప్రయాణానికి పాత పేపర్లు కుక్కితే చాలదటే?" అన్నాను.

"బరువు లేకపోతే నడకలో తెలిసిపోతుందక్కా. నీ నడక చూడు, గాల్లో తేలుతున్నట్టుంటుంది."

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఇద్దరమూ సినిమాల్లో గుంపులో నిలబడేవాళ్లం.

ఆ రోజు రైల్వే స్టేషను సెట్టు. చక్రాలు లేని చెక్క పెట్టె ఒక్కటే రైలు. ఇటు ఎక్కి, వెనక నిచ్చెన దిగి, చుట్టూ తిరిగొచ్చి మళ్లీ ఎక్కాలి.

చీకటి పడ్డాక, నాలుగో టేకులో చెల్లి అందరికంటే ముందు ఎక్కింది. వెనకే నేను ఎక్కేసరికి పెట్టె ఖాళీగా ఉంది. కాళ్ల కింద చక్రాల చప్పుడు దూరమవుతోంది.

నిచ్చెన పట్టుకున్న వడ్రంగి, "మొదట దిగింది మీరేనమ్మా" అన్నాడు.

చెల్లి ఆ రాత్రి ఎనిమిదింటికి ఎక్కింది. తొమ్మిదేళ్లయింది, తిరిగి రాలేదు.